పదకొండో గుంజ

పెళ్లయిన ఐదో వారంలో మేం హనీమూన్‌కి వెళ్లాం. వెళ్లింది కొండ మీదికి, మంచు కొలవడానికి. వెంట నాలుగు బురిటోలు, ఫ్లాస్కు నిండా కాఫీ, మూడు ముక్కలుగా విడదీసిన అల్యూమినియం గొట్టం, దాన్ని వేలాడదీసి తూచే స్ప్రింగు త్రాసు.

"ఇంతకంటే మంచి చోటు నీకెవడు చూపిస్తాడే యెసేనియా?" అన్నాడు లియాండ్రో, స్కీల మీద నా ముందు జారిపోతూ.

నాకు నవ్వాగలేదు. ఆ రోజుల్లో నాకు దేనికీ నవ్వాగేది కాదు. అతని కోటు జేబులో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు ఉంటుందనీ, నిద్రలో కాలువల పేర్లు గొణుగుతాడనీ, చలికి అతని చెవులు ఎండుమిరపకాయల రంగుకి తిరుగుతాయనీ రోజుకొకటి కనిపెడుతున్నాను. ఏది కనిపెట్టినా పండగే.

ఆ రోజు మార్చి ముప్పై ఒకటి. పలోమా నది పుట్టే కొండకి ఉత్తరం వైపు ఫర్ చెట్ల తోపులో పది గుంజలున్నాయి. డెబ్భై ఏళ్ల కిందట లియాండ్రో తాత పాతినవి. చలికాలంలో ప్రతి నెలాఖరుకీ ఆ గుంజల పక్కనే మంచులోకి గొట్టం దించాలి. అడుగు అటూ ఇటూ జరగకూడదు. గొట్టంలోకి వచ్చిన మంచుని తూచి, కరిగితే ఎన్ని అంగుళాల నీళ్లవుతుందో రాసుకోవాలి. ఆ అంకెని బట్టి కింద జలాశయంలో ఎంత నీరు ఉంచాలో, ఎంత వదలాలో కంపెనీ పెద్దలు చెబుతారు. కంపెనీ అంటే ఇంకెవరో అనుకునేరు. మా లోయలో ఆ కాలువ కింద పొలాలున్న నూటపాతిక కుటుంబాలే. జలాశయం వాళ్లదే, కాలువ వాళ్లదే, తగువులూ వాళ్లవే.

"గుంజ దగ్గర ముద్దు పెట్టుకోవాలని నియమాల్లో ఉందా?" అన్నాను మూడో గుంజ దగ్గర.

"పదింటి దగ్గరా పెట్టుకోవాలి. ఒక్కటి వదిలినా లెక్క తప్పుతుంది."

లెక్క తప్పనివ్వలేదు. అంకె కూడా బాగానే వచ్చింది. డెబ్భై ఏళ్ల సగటులో తొంభై నాలుగు శాతం. లియాండ్రో ఈల వేశాడు.

తాగిన కాఫీకి నాకు చాటు కావలసి వచ్చింది. "అటు తిరుగు" అని చెప్పి, తోపు దాటి, కొండ వెన్ను ఎక్కి అవతలికి దిగాను. అక్కడ నా స్కీలు రాళ్ల మీద గీసుకుని ఆగిపోయాయి. ఎండ వాలంతా బురద. ఆ బురద నిండా ఊదారంగు పువ్వులు, కాడల మీద నూగుతో, పిల్లి పిల్లల్లా. ఒకటి కోసుకుని టోపీలో పెట్టుకుని వచ్చాను.

"చూడు, కొండ నాకు పెళ్లి కానుక ఇచ్చింది."

"భలే ఉంది" అన్నాడు లియాండ్రో. అతను చూసింది నన్నే గాని పువ్వుని కాదు. నేను చూసింది పువ్వునే గాని అది పూసిన నేలని కాదు. కొత్తగా పెళ్లయినవాళ్ల చేతికి మంచు కొలిచే గొట్టం ఇస్తే ఇంతే.

*

మా ఇల్లు ఆనకట్ట పక్కనే. అది మాది అనకూడదు, కంపెనీ లస్కరుది. తూము తిప్పే పని ఎవరిదైతే ఇల్లు వాళ్లది. ముప్పై ఏళ్ల కిందట మామయ్య పోయినప్పుడు ఆ పని మా అత్తయ్య ఎర్లిందా చేతికి వచ్చింది. మాకిచ్చిన గదికి ఒకటే కిటికీ, కిటికీ నిండా నీళ్లు. పొద్దున్న కళ్లు తెరిస్తే పైకప్పు మీద వెలుగు అలలుగా ఆడుతుంది. మంచం కిర్రుమంటుంది. అది కిర్రుమన్నప్పుడల్లా వంటింట్లో అత్తయ్య రేడియో పెంచుతుంది. మొదటి వారం సిగ్గుతో చచ్చిపోయాను. రెండో వారానికి ఆ పాటలన్నీ నోటికి వచ్చేశాయి.

మేం కొండ దిగి వచ్చేసరికి అత్తయ్య టోర్టియాలు ఒత్తుతోంది. నా టోపీ వైపు చూసి చెయ్యి ఆపింది.

"ఎక్కడిదే అది?"

"కొండ వెన్ను అవతల, అత్తయ్యా. బావుంది కదూ?"

"ఒక్కటే ఉందా?"

"ఒక్కటా! వాలంతా అవే."

"మంచో?"

"మంచు లేదు, బురదే" అన్నాను. అలమోసా కాలేజీలో నాలుగేళ్లు గణితం చదివాను. పది గుంజలూ ఒకే నీడలో ఉంటే వచ్చేది ఆ నీడ సగటే గాని కొండ సగటు కాదని నాకు ఆ వంటింట్లో, బూట్లకి బురదతో నిలబడి ఉన్నప్పుడు తట్టింది.

"అక్కడ ఈ పువ్వు మే పదిహేను లోపల నేనెప్పుడూ చూడలేదు" అంది అత్తయ్య. పువ్వుని టోపీలోంచి తీసి, గాజుగ్లాసులో నీళ్లు పోసి, కిటికీలో పెట్టింది. బయట జలాశయం అంచుకి ఆరడుగుల దిగువలో నిగనిగలాడుతోంది. మార్చిలో అంత నీరు ఎవరూ చూడలేదు.

"ఫిబ్రవరి నుంచీ అనుకుంటూనే ఉన్నా, ఇంత తొందరగా ఎందుకు నిండుతోందా అని. మంచు దిగి వచ్చేసిందిరా లియాండ్రో. ఈ ఏడు మన వాటా అంతా ఇదిగో, కిటికీ ముందే ఉంది. పైనుంచి ఇంకా వచ్చేది కొంచెమే."

*

మర్నాడు సాయంత్రం చర్చి హాల్లో కంపెనీ సమావేశం. అధ్యక్షుడు కస్మీరో మా మామయ్యకి అన్న. మంచివాడే. నియమాల పుస్తకం పక్కన లేకపోతే ఇంకా మంచివాడు.

"తొంభై నాలుగు" అని చదివాడు. "నియమం అందరికీ తెలిసిందే. మంచు ఎనభై దాటితే మే పదిహేను దాకా జలాశయం పన్నెండు అడుగులు ఖాళీగా ఉండాలి. ఇప్పుడు ఆరే ఉంది. రేపు ఎనిమిదింటికి తూము ఎత్తి ఇంకో ఆరడుగులు వదిలేద్దాం. వరద వస్తే పట్టుకోవాలిగా."

"ఏ మంచు కరిగి వస్తుంది బావగారూ వరద?" అంది అత్తయ్య. "తోపు బయట కొండ బోసిగా ఉంది. ఇప్పుడు వదిలితే జూన్‌లో కాలువలో బల్లులు తిరుగుతాయి."

"అంకె తొంభై నాలుగు అంటోందమ్మా."

నేను లేచాను. "పెదమామయ్యా, ఆ పది గుంజలూ కొండ మొత్తంలో చల్లని మూలలో ఉన్నాయి. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి ఇంట్లో చలి ఎంతుందో చెప్పినట్టుంది మన లెక్క. మీ నాన్నగారి రోజుల్లో ఇల్లంతా ఫ్రిజ్‌లాగే ఉండేది, సరిపోయింది. ఇప్పుడు చలికాలాలు అలా లేవు."

హాలు నవ్వింది. కస్మీరో కూడా నవ్వాడు. "ఏం ఎర్లిందా, కొత్త కోడలి టోపీలో పువ్వు చూసి ఆనకట్ట నడపమంటావా? డెబ్భై ఏళ్ల లెక్క చెత్తబుట్టలో వేసి?"

వెనక వరసలోంచి చేతికర్ర నేలకి టకటకా కొట్టుకుంది. సీస్తో తాత. దిగువ ఊరు వేగాలో ఉంటాడు. "నవ్వండ్రా. నాకు పదేళ్లప్పుడు నది మా ఊరి మీద పడింది. మా అమ్మ కుట్టుమిషను పోయి రావిలాంటి పెద్ద కాటన్‌వుడ్ చెట్టు కొమ్మకి వేలాడింది. మా చెల్లి దొరకనే లేదు. ఎత్తండి తూము. ఇవాళే ఎత్తండి."

ఎవరూ నవ్వలేదు. కమిటీలో అయిదు చేతులూ లేచాయి. తూము ఎత్తాలి.

*

రెండో తారీకు పొద్దున్న ఏడున్నరకి అత్తయ్య పిండి కలిపింది. నాకు ఉండలు చెయ్యమని ఇచ్చింది. ఎనిమిదికి పది నిమిషాలుండగా పెనం వేడెక్కింది. ఎనిమిదికి మొదటి టోర్టియా పొంగింది. నేను గడియారం వైపు, ఆమె వైపు, గోడకి వేలాడుతున్న తూము తాళంచెవి వైపు చూశాను.

"ఒక పక్క మాడుతోంది, తిప్పు" అంది.

తిప్పాను. ఎనిమిదీ పదికి ఫోను మోగింది. ఎవరమూ తియ్యలేదు. ఎనిమిదిన్నరకి కస్మీరో ట్రక్కు వచ్చి ఆగింది.

"ఎర్లిందా, మర్చిపోయావా?"

"లేదు బావగారూ. కూర్చోండి, వేడివేడిగా ఉన్నాయి. పచ్చిమిరప కూర వెయ్యనా?"

"తాళంచెవి ఇలా ఇవ్వు."

"తీసుకోండి. తీసుకుని ఏం చేస్తారు?"

ఆయన తీసుకోలేదు. లస్కరు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తూము చక్రం మీద పడకూడదు. మా ముత్తాతల కాలంలో ఇద్దరు తోడల్లుళ్లు ఆ చక్రం దగ్గరే ఒకర్నొకరు కాల్చుకుని చచ్చిపోయిన తర్వాత పెట్టుకున్న కట్టుబాటు అది. లస్కరుని తీసెయ్యాలన్నా, కొత్తవాళ్లని పెట్టాలన్నా ఆయకట్టుదారులందరూ కూర్చోవాలి. అందుకు పదిరోజుల ముందు నోటీసు అంటించాలి. ఈ నియమం కూడా ఆయన పుస్తకంలోదే.

"పది రోజులు" అన్నాడు కస్మీరో, కుర్చీలో కూలబడి. "ఈలోగా నీళ్లు అలుగు దాటి వేగా మీద పడితే?"

"అంచుకి రెండడుగుల దగ్గరకి వస్తే నేనే తిప్పేస్తాను. సీస్తోకి పొద్దున్నే వెళ్లి మాటిచ్చి వచ్చాను. నోటీసు అంటించండి బావగారూ. టేపు కావాలా? సొరుగులో ఉంది."

"ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుందమ్మా. ఈ కొత్త జంట ఎక్కడుంటారు?"

అత్తయ్య నా వైపు చూసింది.

"మంచం మాతో తీసుకెళ్తాం పెదమామయ్యా" అన్నాను. "ఎక్కడ వేసినా అది కిర్రుమంటుంది."

పాపం, ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. నీళ్లు తాగుతున్న లియాండ్రోకి పొలమారింది. నేను మాత్రం ఇంకో రెండు టోర్టియాలు కాల్చి, చేతులు కడుక్కుని, మా గదిలోకి వెళ్లి కిటికీ ముందు కాసేపు నిలబడ్డాను. పైకప్పు మీద అలలు ఎప్పటిలాగే ఆడుతున్నాయి.

*

ఆ మధ్యాహ్నమే సీస్తో తాత మడతకుర్చీతో దిగాడు. ఆనకట్ట మీద, నీటిమట్టం అంకెలున్న పలక ఎదురుగా వేసుకుని, ఒళ్లో సుద్దముక్క పెట్టుకుని కూర్చున్నాడు. గంటగంటకీ గట్టు రాళ్ల మీద గీత గీసేవాడు.

"అయిదూ ముప్పావు!" అని అరిచేవాడు మా వంటింటి వైపు. "మీ కోడలి పువ్వు వాడిపోయిందా ఎర్లిందా? నీళ్లు మాత్రం ఎదుగుతున్నాయి!"

"అరుస్తూ ఉండు. గొంతు ఎండితే చెప్పు, ఇక్కడ నీళ్లకి లోటు లేదు" అనేది అత్తయ్య.

నేను ఆయనకి రోజూ గిన్నెడు పోసోలే, మా మొక్కజొన్న గింజల పులుసు, తీసుకెళ్లేదాన్ని. ఉప్పు తక్కువని తిట్టి, అడుగంటా తినేవాడు. నాలుగోరోజుకి అయిదడుగులు. ఆరోరోజుకి నాలుగు. ఏడోరోజు వేడిగాలి మొదలైంది, ఏప్రిల్లో జూలై గాలి. రాత్రి కూడా చల్లబడలేదు. మర్నాడు తెల్లవారేసరికి రెండడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ రోజు సీస్తో తాత పోసోలే ముట్టలేదు. అత్తయ్య తాళంచెవి గోడ మీద నుంచి తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"భయంగా ఉందా అత్తయ్యా?"

"లేకుండా ఎలా ఉంటుందే? నాకు తెలిసిందంతా ఒక్క పువ్వు."

అప్పుడు నేనూ లియాండ్రో మళ్లీ కొండెక్కాం. ఈసారి స్కీలు భుజాల మీద మోసుకుంటూ. ఎండ వాలు, పడమటి వాలు, పై మైదానం, అన్నీ కాళ్లతో తిరిగాం. ఎక్కడ చూసినా బురద, ఎండిన గడ్డి. తోపులో మాత్రం ఇంకా మోకాలి లోతు మంచు, పైన దుమ్ముతో నల్లబడి. పది గుంజలూ దాని మధ్య బుద్ధిగా నిలబడి ఉన్నాయి. లియాండ్రో ఒక గుంజ మీద చెయ్యి వేసి నిమిరాడు. అది వాళ్ల తాత చేత్తో చెక్కిన గుంజ.

"తాత తప్పు చేశాడంటావా?"

"మీ తాత పాతినప్పుడు కొండంతా ఇలాగే ఉండేది. మనం ఎండలోకి వెళ్లి చూడకపోవడమే తప్పు. అదీ ఒక ఆడపిల్లకి చాటు కావలసి వచ్చేదాకా."

అతను నవ్వాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

తొమ్మిదోరోజు పొద్దున్న రెండడుగుల మూడు అంగుళాలు. అత్తయ్య చక్రం పక్కన నిలబడి ఉంది. తాళం తీసి ఉంది. నేను గిన్నె పట్టుకుని సీస్తో తాత దగ్గరకి వెళ్లాను. ఆయన కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వంచి, నది వచ్చి జలాశయంలో కలిసే వైపు చెవి పెట్టాడు.

"తాతా?"

"ష్." ఇంకాసేపు విన్నాడు. "ఏటి గొంతు తగ్గింది."

మధ్యాహ్నం గీసిన గీత పొద్దుటి గీత మీదే పడింది. సాయంత్రం గీత అంగుళం కింద పడింది. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని, "ఏదీ, తే" అని పోసోలే గిన్నె అందుకున్నాడు. అత్తయ్య చక్రానికి మళ్లీ తాళం వేసి, గట్టు రాళ్ల మీద కూర్చుని, మొహం ఏప్రాన్‌లో దాచుకుంది. నేను అటు వెళ్లలేదు. ఆమెకి ఇష్టముండదు.

*

నోటీసు ప్రకారం పన్నెండో తారీకున హాలు కిక్కిరిసింది. కస్మీరో టోపీ చేతిలో పట్టుకుని లేచాడు.

"వరద రాలేదు. ఉన్న నీళ్లు నిలిచాయి. పక్క లోయ వాళ్లు నియమం ప్రకారం వదిలేసి ఇప్పుడు తలలు పట్టుకున్నారు. నోటీసు వెనక్కి తీసుకుందాం. ఎర్లిందా, తప్పు మాదే."

చప్పట్లు మొదలయ్యాయి. అత్తయ్య చెయ్యెత్తి ఆపింది.

"నోటీసు అంటించారు. ఓటు వెయ్యండి."

"ఇంకా ఎందుకమ్మా?"

"చెప్పిన మాట వినకుండా చక్రం పట్టుకుని కూర్చున్న లస్కరుని నేను. ఈసారి నా మాట నిజమైంది. రేపు ఇంకొకరు పగతో ఆపుతారు, ఎర్లిందాని వదిలేశారుగా అంటారు. అప్పుడు ఏం చెబుతారు? నాకు శిక్ష పడాలి. నీళ్లు మాత్రం ఉంటాయి." అంటూ తనే ముందు చెయ్యెత్తింది, తనని తీసెయ్యడానికి.

ఒక్కొక్క చెయ్యీ బరువుగా లేచింది. అరవై రెండు తీసెయ్యమని, యాభై ఎనిమిది వద్దని.

"కొత్త లస్కరు ఎవరు?" అన్నాడు కస్మీరో, ఎవరి మొహమూ చూడకుండా.

ఆ చక్రం మీద చెయ్యి వెయ్యడం ఎవరికి కావాలి? నేను ఎంత తొందరగా లేచానంటే నా కుర్చీ వెనక్కి పడింది.

"నేను చేస్తాను."

"నువ్వా?" కస్మీరో కళ్లజోడు సర్దుకున్నాడు. "పెళ్లయి రెండు నెలలు కాలేదు. పువ్వుల పిల్లవి. కమిటీ ఆజ్ఞ వింటావా మరి?"

"వింటాను పెదమామయ్యా. ఎత్తమంటే ఎత్తుతాను, దించమంటే దించుతాను. కానీ మీరు ఆజ్ఞ వేసే ముందు మంచు అంకె నేను తెస్తాను. పదకొండు గుంజలతో తెస్తాను. పదకొండోది ఎండ వాలులో పాతుతాను, వచ్చే ఏడు ఇంకో తొమ్మిది."

"డెబ్భై ఏళ్ల లెక్క పాడైపోతుంది కదే!"

"లెక్క బాగానే ఉంది పెదమామయ్యా. మంచే లేదు."

వెనక వరసలో చేతికర్ర టకటకలాడింది. "ఈ పిల్ల పోసోలేలో ఉప్పు వెయ్యదు" అన్నాడు సీస్తో తాత. "అయినా బలపరుస్తున్నాను. రాసుకో కస్మీరో."

కాలువ నీళ్లు నింపిన మట్టిపాత్ర తెచ్చారు. మణికట్టు దాకా చెయ్యి ముంచి, ఎవరి నీరూ నా చేతిలో ఎక్కువ కాబోదని, తక్కువ కాబోదని ప్రమాణం చేశాను. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే నాకు మళ్లీ నవ్వొచ్చింది. అత్తయ్య తాళంచెవి నా మెళ్లో వేసింది. "ఇల్లు ఇప్పుడు నీదే. నన్ను ఉండనిస్తావా?" అంది. "రేడియో మీ దగ్గరే ఉంచుకుంటే" అన్నాను.

ఇది రాస్తున్నది ఆగస్టులో. పక్క లోయలో పొలాలు జూన్ చివరికే పడుకున్నాయి. మా కాలువలో ఇంకా నీరు పారుతోంది, సగం మోతాదులో, వంతుల వారీగా, తిట్లతో సహా. రోజూ పొద్దున్న నేను చక్రం తిప్పుతుంటే అత్తయ్య సీస్తో తాత వదిలేసి వెళ్లిన కుర్చీలో కూర్చుని, "ఇంకో పావుచుట్టు! అరిచేతుల్లో బలం లేదా?" అని కేకలేస్తుంది.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఏప్రిల్ ముప్పై. లియాండ్రో గుంజ పట్టుకున్నాడు, నేను సమ్మెట వేశాను. ఎండ వాలులో నేల మెత్తగా ఉంది, నాలుగు దెబ్బలకి దిగిపోయింది. చుట్టూ ఆ ఊదా పువ్వులు అప్పటికే విత్తులై, తెల్లని పీచు గాలికి ఊగుతోంది. పుస్తకం తెరిస్తే పదకొండో వరస ఖాళీగా ఉంది. డెబ్భై ఏళ్లలో ఎవరూ నింపని వరస.

"ఇక్కడ కొలవడానికేమీ లేదుగా" అన్నాడు లియాండ్రో. "సున్నా రాయాలా?"

"రాయి. కస్మీరో పెదమామయ్యకి కళ్లజోడు లేకపోయినా కనబడేంత పెద్దగా."

రాశాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, నా వైపు వంగి, పదకొండో గుంజ దగ్గర కూడా లెక్క తప్పనివ్వలేదు.